కనిపించని ఇంటర్నెట్: మూసిన తలుపుల వెనుక ఏముంది?

గత రంజాన్ మాసంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే మా పూర్వ విద్యార్థి తండ్రి ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచారు. టైర్ల దుకాణం నడుపుకునే పెద్దమనిషి. ఏటా సేవా కార్యక్రమాలకు తనకు చేతనైనంత ఇస్తారు, రసీదు మీద పేరు కూడా రాయించుకోరు.

"మాస్టర్ సాబ్, గూగుల్‌కు కూడా దొరకని ఇంటర్నెట్ ఒకటి ఉందట కదా! అందులో మత్తుమందులు, తుపాకులు అమ్ముతారట. మా చిన్నోడి లాప్‌టాప్‌లో ఉల్లిపాయ బొమ్మ ఒకటి చూశాను. అది దానికి తాళంచెవి అని దుకాణంలో కుర్రాడు చెప్పాడు. ఇంట్లో ఇంటర్నెట్ తీయించెయ్యమంటారా?" అని అడిగారు.

ఆయన భయంలో సగం నిజం ఉంది, సగం అపోహ ఉంది. మెట్ల మీద నిలబడి రెండు మాటల్లో చెప్పి పంపాము. కానీ ఆ ప్రశ్న ఒక్కరిది కాదు. తల్లిదండ్రుల సమావేశాల్లో, పెళ్ళి విందుల్లో పలుమార్లు విన్నాము. అందుకే ఈ సంచికలో కాస్త తీరికగా జవాబు చెప్పదలచాము. ముప్పై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నవాళ్ళం కాబట్టి మొదటి నుంచి మొదలుపెడతాము. తెలిసినవారు ఓపిక పట్టాలి.

గూగుల్‌కు తెలిసింది ఎంత?

ఫోనులో ఒక మాట కొట్టగానే గూగుల్ ఆ క్షణాన ప్రపంచమంతా గాలించి వస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. గూగుల్ ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి, అక్కడి నుంచి మరో పేజీకి తిరుగుతూనే ఉంటాయి. చదవగలిగిన ప్రతి పేజీలోని మాటలను ఒక పెద్ద సూచికలో రాసిపెట్టుకుంటాయి. లావుపాటి పుస్తకాల చివర అకారాది క్రమంలో పదసూచిక ఉంటుంది కదా, అలాంటిదే. మనం వెతికేది ఆ సూచికలో మాత్రమే.

మరి ఆ ప్రోగ్రాములు ఎక్కడికి వెళ్ళలేవు? పాస్‌వర్డు అడిగే చోటికి వెళ్ళలేవు. ఫారం నింపితే తప్ప తెరుచుకోని పేజీలను మామూలుగా చూడలేవు. తమ పేజీలను సూచికలో చేర్చవద్దని యజమాని రాసిపెడితే ఆ మాట పాటిస్తాయి. ఎక్కడి నుంచీ లింకు లేని పేజీ ఉన్నట్టు కూడా వాటికి తెలియదు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజును గుర్తుచేసుకోండి. హాల్ టికెట్ నంబరు కొడితేనే పిల్లవాడి మార్కులు వస్తాయి. గూగుల్‌లో వాడి పేరు రాస్తే రావు. ఆంధ్రప్రదేశ్‌లో 'మీ భూమి'లో సర్వే నంబరు ఇస్తేనే అడంగల్ కనిపిస్తుంది. కోర్టు కేసు వాయిదా తెలియాలంటే ఈ-కోర్ట్స్‌లో కేసు నంబరు ఇవ్వాలి. మన బ్యాంకు ఖాతా, ఈమెయిల్ పెట్టె, రైలు టికెట్ పీఎన్‌ఆర్ వివరాలు, ఆసుపత్రిలోని రక్తపరీక్ష రిపోర్టు, డిజిలాకర్‌లో దాచుకున్న మార్కుల జాబితా, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ దశలో ఉందో చూపే పేజీ, ఇవన్నీ ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి. గూగుల్‌కు మాత్రం కనిపించవు.

ఇలా సూచికకు అందని భాగాన్నంతా కలిపి 'డీప్ వెబ్' అంటారు. 2001లో మైకేల్ బెర్గ్‌మన్ అనే అమెరికన్ ఒక వ్యాసం రాసి ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. పైకి కనిపించే వెబ్ కన్నా ఇది 400 నుంచి 550 రెట్లు పెద్దదని అప్పట్లో ఆయన వేసిన అంచనా. ఆ తర్వాత రెండు వైపులా ఎంతో పెరిగింది కాబట్టి ఆ లెక్కను ఈనాటికి పట్టుకుని కూర్చోనక్కరలేదు. కనిపించేది కొంత, కనిపించనిది చాలా అన్న సంగతి మాత్రం అలాగే ఉంది.

అపోహ ఎక్కడ మొదలైందంటే

వాట్సాప్‌లో తిరిగే ఒక బొమ్మ మీరు చూసే ఉంటారు. సముద్రంలో మంచుకొండ. నీటి పైన కనిపించే కొన మీద గూగుల్, యూట్యూబ్ అని రాసి ఉంటుంది. నీటి అడుగున ఉన్న పెద్ద భాగమంతా నేరాలు, మత్తుమందులు, హంతకులు అని రాసి ఉంటుంది. ఆ బొమ్మ తప్పు. నీటి అడుగున ఉన్నదానిలో చాలా భాగం మన బ్యాంకు పాసుబుక్కులు, మన పిల్లల మార్కులు, మన ఉత్తరాలు.

మన వీధిని చూడండి. దుకాణాల ముందు బోర్డులు ఉంటాయి, ఎవరైనా చదవవచ్చు. దుకాణాల వెనుక ఇళ్ళు ఉంటాయి, వాటికి తలుపులు ఉంటాయి. ఇంటి లోపల బీరువా ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. తాళం వేసి ఉంది కాబట్టి ఆ ఇంట్లో దొంగసొమ్ము ఉందని ఎవరైనా అంటారా? ఇంటర్నెట్‌లోనూ అంతే. దాచి ఉంచినదంతా చెడ్డది కాదు. చాలావరకు దాచి ఉంచవలసినదే దాచి ఉంది.

ఈ భాగంతో మనకు పెద్ద ఉపయోగం కూడా ఉంది. "గూగుల్‌లో దొరకలేదు, కాబట్టి లేదు" అనే మాట మా విద్యార్థుల నోట తరచుగా వింటాము. అది పొరపాటు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపించే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఉపన్యాసాలు ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వివరాలు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉన్నాయి. వక్ఫ్ ఆస్తుల వివరాల కోసం కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 'వామ్సి' అనే జాబితాను తయారుచేయించింది. ఇటువంటి చోట్ల ఉన్న సంగతులు బయటి నుంచి వెతికితే కొంతే దొరుకుతాయి. గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, అక్కడి వెతుకు పెట్టెలో రాసి చూడాలి. గ్రంథాలయం బయట నిలబడి పుస్తకం లేదనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇక డార్క్ వెబ్

ఆ పెద్దమనిషి భయపడింది దీని గురించే. డార్క్ వెబ్ అంటే డీప్ వెబ్‌లో ఒక చిన్న మూల. మామూలు బ్రౌజర్‌తో ఇది తెరుచుకోదు. దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 'టార్'. దాని గుర్తే ఉల్లిపాయ. అక్కడి సైట్ల చిరునామాలు 56 అక్షరాలు, అంకెల గజిబిజిగా ఉండి చివర 'డాట్ ఆనియన్' అని ముగుస్తాయి. ఆనియన్ అంటే ఉల్లిపాయే.

ఉల్లిపాయ ఎందుకంటే, పొరల మీద పొరలు కాబట్టి. గుంటూరులో ఉన్న మీరు హైదరాబాదులోని మిత్రుడికి ఒక ఉత్తరం పంపాలి, పంపింది మీరేనని దారిలో ఎవరికీ తెలియకూడదు అనుకోండి. ఉత్తరాన్ని ఒక కవరులో పెట్టి మిత్రుడి చిరునామా రాస్తారు. ఆ కవరును ఇంకో కవరులో పెట్టి దాని మీద నల్లగొండలో ఒకరి చిరునామా రాస్తారు. దాన్ని మరో కవరులో పెట్టి ఖమ్మంలో ఒకరి చిరునామా రాస్తారు. అదంతా ఇంకా పెద్ద కవరులో పెట్టి విజయవాడలో ఒకరికి పంపుతారు. విజయవాడ మనిషి పై కవరు చించి, లోపలిది ఖమ్మం పంపుతాడు. వచ్చింది గుంటూరు నుంచి అని అతనికి తెలుసు, చివరికి ఎవరికి చేరుతుందో తెలియదు. ఖమ్మం మనిషికి విజయవాడ, నల్లగొండ తప్ప మరేమీ తెలియదు. నల్లగొండ మనిషికి ఉత్తరం చేరేది ఎక్కడికో తెలుసు, మొదట రాసింది ఎవరో తెలియదు. మొత్తం దారి ఏ ఒక్కరికీ తెలియదు.

టార్ చేసేది సరిగ్గా ఇదే. మన కంప్యూటర్ నుంచి వెళ్ళే సమాచారాన్ని మూడు పొరల రహస్య లిపిలో చుట్టి, మూడు మజిలీల మీదుగా పంపుతుంది. ఒక్కో మజిలీలో ఒక్కో పొర ఊడుతుంది. ప్రపంచమంతటా కొన్ని వేల కంప్యూటర్లు ఈ మజిలీలుగా పనిచేస్తున్నాయి. వాటిని నడిపేది స్వచ్ఛంద సేవకులు.

దీన్ని నేరస్థులు కనిపెట్టారని అనుకుంటే పొరపాటు. 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్ సివర్సన్, మైకేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ అనే ముగ్గురు ఈ పద్ధతిని రూపొందించారు. 2002లో రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ సివర్సన్‌తో కలిసి టార్ తొలి రూపాన్ని విడుదల చేశారు. 2006లో టార్ ప్రాజెక్టు అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. విరాళాలు, ప్రభుత్వ గ్రాంట్లు దానికి ఆధారం.

నౌకాదళం తన రహస్య సాధనాన్ని లోకమందరికీ ఎందుకు ఇచ్చింది? ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. బజారులో ఒక్కడే మాస్కు పెట్టుకుని తిరిగితే అందరి చూపూ వాడి మీదే ఉంటుంది. కరోనా రోజుల్లో అందరూ మాస్కు పెట్టుకుంటే ఎవరినీ ఎవరూ పట్టించుకోలేదు. టార్‌ను నౌకాదళం వారే వాడితే, టార్ వాడిన ప్రతివాడూ నౌకాదళం మనిషని తెలిసిపోతుంది. పదిమంది వాడితేనే దాగడం సాధ్యం. అందుకే తలుపు అందరికీ తెరిచారు. ఆ తలుపులోంచి మంచివారూ వచ్చారు, చెడ్డవారూ వచ్చారు.

మంచికి వాడుతున్నవారు

పత్రికలకు రహస్యంగా సమాచారం అందించేవారికి టార్ కవచం. 2013లో అమెరికాలోని న్యూయార్కర్ పత్రిక, పేరు చెప్పకుండా కాగితాలు పంపడానికి టార్ మీద ఒక పెట్టె ఏర్పాటుచేసింది. దాని వెనుక ఉన్న సాఫ్ట్‌వేర్‌ను కెవిన్ పౌల్సెన్‌తో కలిసి తయారుచేసినవారు ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు. పెట్టె మొదలయ్యేనాటికి ఆయన బతికి లేరు. ఇప్పుడది 'సెక్యూర్ డ్రాప్' పేరుతో అనేక పత్రికల దగ్గర ఉంది. న్యూయార్క్ టైమ్స్ 2017లో, బీబీసీ 2019లో తమ వార్తలను టార్ ద్వారా కూడా అందించడం మొదలుపెట్టాయి. ప్రభుత్వాలు వార్తలను అడ్డుకునే దేశాల్లో పాఠకులు చదువుకోవడానికే ఆ ఏర్పాటు. రష్యా 2021 డిసెంబరులో టార్ సైటునే మూసివేయించింది. ఇరాన్‌లో సైట్లు మూతపడినప్పుడు జనం దీన్ని ఆశ్రయిస్తుంటారు.

భర్త హింస నుంచి తప్పించుకుని వచ్చిన స్త్రీ తానెక్కడ ఉందో తెలియకుండా సలహా అడగాలన్నా, బయటికి చెప్పుకోలేని జబ్బు గురించి ఒకరు చదువుకోవాలన్నా ఇది పనికొస్తుంది. అసలు టార్ మీద సాగే రాకపోకల్లో చాలా భాగం మామూలు సైట్లకే. డాట్ ఆనియన్ సైట్లకు వెళ్ళేది కొద్ది భాగమే.

టార్ బ్రౌజర్ వాడడమే నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. దానితో ఏం చేశారన్నదే చట్టం చూస్తుంది. కత్తి ఇంట్లో ఉండడం నేరం కాదు కదా!

చెడుకు వాడినవారి గతి

2011 ఫిబ్రవరిలో 'సిల్క్ రోడ్' అనే రహస్య బజారు టార్ మీద మొదలైంది. మత్తుమందులు అక్కడి ప్రధాన సరుకు, చెల్లింపు బిట్‌కాయిన్లలో. నడిపించినవాడు రాస్ ఉల్‌బ్రిక్ట్ అనే అమెరికన్ యువకుడు. 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ప్రజా గ్రంథాలయంలో లాప్‌టాప్ తెరిచి పనిచేసుకుంటుండగా పోలీసులు పట్టుకున్నారు. లాప్‌టాప్ మూసేలోగా లాక్కోవడానికి, ఇద్దరు మఫ్టీ అధికారులు అతని వెనుక ఉత్తుత్తి తగాదా పెట్టుకున్నారు. 2015లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2025లో అమెరికా అధ్యక్షుడు క్షమాభిక్ష ఇచ్చేదాకా జైల్లోనే ఉన్నాడు.

అతన్ని పట్టించిన ఆధారాల్లో ఒకటి గమనించదగినది. మొదటి రోజుల్లో తన బజారుకు ప్రచారం కోసం మామూలు ఇంటర్నెట్‌లో మారుపేరుతో రాశాడు. కొన్నాళ్ళకు అదే మారుపేరుతో ఉద్యోగ ప్రకటన ఇస్తూ తన సొంత ఈమెయిల్ చిరునామా పెట్టాడు. ఒక పన్నుల శాఖ అధికారి గూగుల్‌లో వెతికి దాన్ని పట్టుకున్నాడు. ఎన్ని పొరలు కప్పుకున్నా మనిషి చేసిన పొరపాటు పొర బయటే ఉంటుంది.

2017లో ఇంకో సంఘటన జరిగింది. జూలైలో అమెరికా పోలీసులు 'ఆల్ఫాబే' అనే బజారును మూయించారు. అక్కడి వ్యాపారులు, కొనుగోలుదారులు పరుగున 'హంసా' అనే మరో బజారుకు చేరారు. అప్పటికే దాన్ని నెదర్లాండ్స్ పోలీసులు చేజిక్కించుకుని, ఏమీ ఎరగనట్టు సుమారు నెలరోజులు తామే నడిపారు. వచ్చినవారి వివరాలన్నీ రాసుకున్నారు. మన హైదరాబాదులో కూడా డార్క్ వెబ్ ద్వారా మత్తుమందులు తెప్పించుకున్న యువకులు అరెస్టయిన కేసులు ఉన్నాయి. సరుకు చివరికి ఒక కవరులో ఏదో ఒక ఇంటికి చేరక తప్పదు. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ అందరూ చూడగల ఖాతాలో శాశ్వతంగా ఉండిపోతాయి. "అక్కడ ఎవరికీ దొరకం" అని కుర్రాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట నిజం కాదు.

పిల్లలకు ఇంకొకటి స్పష్టంగా చెప్పాలి. చిన్నపిల్లలపై లైంగిక దురాగతాల చిత్రాలను చూడడం, దింపుకోవడం, దగ్గర ఉంచుకోవడం కూడా సమాచార సాంకేతిక చట్టంలోని 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారికే అయిదేళ్ళ దాకా జైలు, పది లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. "ఊరికే చూశాను" అన్న సమాధానం చెల్లదు.

కుర్రవాడు అడిగిన ప్రశ్న

పండుగ తర్వాత ఆ పెద్దమనిషి కొడుకుతో మాట్లాడాము. కాలేజీలో నెట్‌వర్క్ భద్రత పాఠం చెప్పినప్పుడు టార్ దింపుకున్నాడట. రెండుసార్లు తెరిచాడట. నత్తనడకగా ఉంటే విసుగొచ్చి వదిలేశాడట. దాపరికం లేకుండా చెప్పాడు. తర్వాత వాడే మమ్మల్ని అడిగాడు: "సార్, నా లాప్‌టాప్ చూసి అబ్బా భయపడుతున్నారు. ఎవరడిగినా అబ్బా తన ఆధార్ కార్డు, పాన్ కార్డు ఫోటోలు వాట్సాప్‌లో పంపేస్తారు. దానికి ఎవరు భయపడాలి?"

తండ్రి నవ్వేశారు. మేము నవ్వలేకపోయాము. ఎందుకంటే అదే తప్పు మేమూ చేశాము.

కొన్నేళ్ళ కిందట పేద విద్యార్థినుల ఫీజుల కోసం దాతల సహాయం అందించే పనిలో మేము కొందరు ఉపాధ్యాయులం పాలుపంచుకున్నాము. ఎంపికైన పిల్లల పేర్లు, తల్లుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, సహాయం కోరడానికి కారణం, అన్నీ ఒక జాబితాగా రాశాము. తప్పులుంటే దిద్దుతారని ఆ జాబితాను ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాము. ఆ గ్రూపులో వందమందికి పైగా ఉన్నారు. వారం తిరక్కుండానే జాబితాలోని తల్లులకు ఫోన్లు మొదలయ్యాయి. "మీ అమ్మాయి స్కాలర్‌షిప్ మంజూరైంది, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి" అని. పిల్ల పేరు, తరగతి, ఖాతా నంబరు అవతలివాడే చెబుతుంటే నమ్మకుండా ఎలా ఉంటారు? బీడీలు చుట్టుకునే ఒక తల్లి ఓటీపీ చెప్పేసింది. ఆమె ఖాతాలోని 4,200 రూపాయలు పోయాయి. ఆ డబ్బు మేము చందాలు వేసుకుని ఇచ్చాము.

ఆమె బాధపడింది డబ్బు గురించి కాదు. 'కారణం' అని రాసిన గడిలో ఆమె భర్త వదిలి వెళ్ళిన సంగతి ఉంది. దాన్ని మొత్తం మొహల్లా చదివింది. "నేను మీ ఒక్కరికే చెప్పాను కదా సార్" అంది. ఆ మాటకు ఇప్పటికీ మా దగ్గర సమాధానం లేదు.

ఆ జాబితా ఎవరి చేతికి చేరిందో తెలియలేదు. డార్క్ వెబ్ బజారుల్లో అమ్ముడుపోయే సరుకులో ముఖ్యమైనవి ఇలాంటి జాబితాలే: పేర్లు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డులు, పాస్‌వర్డులు. కంపెనీల కంప్యూటర్లలోంచి దొంగిలించినవి కొన్ని, మనం అజాగ్రత్తగా పారేసుకున్నవి కొన్ని. మనం ఎన్నడూ డార్క్ వెబ్‌కు వెళ్ళకపోవచ్చు. మన కాగితాలు మాత్రం మనకన్నా ముందే అక్కడికి చేరగలవు. మా విషయంలో అంత దూరం కూడా అవసరం లేకపోయింది. తాళం వేయవలసిన బీరువాను మేమే వీధిలో తెరిచి పెట్టాము.

అమానత్

ఈ సంచికను చదివే మీరు దాతలు. మీరిచ్చే డబ్బు మాకు అమానత్ అని ప్రతి సభలోనూ చెబుతాము. లెక్కలు ఆడిట్ చేయిస్తాము. మీ డబ్బు ఎంత అమానతో, సహాయం తీసుకునేవారు చెప్పిన కష్టం, ఇచ్చిన కాగితం కూడా అంతే అమానత్. డబ్బు పోతే తిరిగి ఇవ్వవచ్చు. బయటపడిన సంగతిని వెనక్కి తీసుకోలేము.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కంప్యూటర్లలో ఇతరుల వివరాలు ఉంచుకునేవారు వాటిని భద్రంగా కాపాడాలని, పని తీరాక తొలగించాలని దాని సారాంశం. పేదవాడి గోప్యత, ధనవంతుడి గోప్యత అని అందులో రెండు రకాలు లేవు.

అందుచేత మా తప్పు నుంచి నేర్చుకున్న కొన్ని పద్ధతులను ఇక్కడ పెడుతున్నాము. ప్రతి సేవా సంస్థా పాటించదగినవి ఇవి.

ఒకటి, అవసరమైన కాగితమే అడగాలి. గుర్తింపు కోసం ఆధార్ కావాలంటే, మొదటి ఎనిమిది అంకెలు కప్పి చివరి నాలుగే చూపే 'మాస్క్‌డ్ ఆధార్' తీసుకుంటే సరిపోతుంది. ఆధార్ వెబ్‌సైటులో ఉచితంగా వస్తుంది.

రెండు, లబ్ధిదారుల జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టరాదు. ఒక చోట తాళం వేసి ఉంచాలి. తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉందో కమిటీ పుస్తకంలో పేర్లతో రాసి ఉండాలి.

మూడు, సంస్థ ఈమెయిల్‌కు, బ్యాంకు ఖాతాకు వేర్వేరు పాస్‌వర్డులు ఉండాలి. ఫోనుకు వచ్చే రెండో తనిఖీ కూడా పెట్టుకోవాలి. మన ఈమెయిల్ ఏదైనా దొంగతనంలో బయటపడిందో లేదో చూసుకోవడానికి, ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో ప్రారంభించిన 'హావ్ ఐ బీన్ పౌన్డ్' అనే ఉచిత సైటు ఉంది.

నాలుగు, సంవత్సరం లెక్కలు ముగిశాక, ఆడిట్‌కు అవసరమైనవి మినహా మిగిలిన కాపీలను చెరిపివేయాలి, చించివేయాలి.

అయిదు, ఫోటోలు. ఇది చెప్పడం కొంచెం కష్టంగానే ఉంది. రేషన్ సంచి అందుకుంటున్న స్త్రీ, కుట్టుమిషను పక్కన తలవంచుకు నిలబడిన అమ్మాయి, ఇలాంటి ఫోటోలు లేకుండా మన సావనీర్లు వెలువడవు. అవి చూస్తే దాతలకు నమ్మకం కలుగుతుందని మేమే వేస్తుంటాము. ఆ ఫోటో ఒకసారి ఇంటర్నెట్‌లోకి వెళితే ఆ అమ్మాయి పెళ్ళిచూపుల నాటికీ, ఉద్యోగంలో చేరేనాటికీ అక్కడే ఉంటుంది. సంచుల ఫోటో వేద్దాం, మిషన్ల ఫోటో వేద్దాం, ఆడిట్ లెక్క వేద్దాం. ముఖాలు వద్దు. "ఫోటో లేకపోయినా మాకు నమ్మకమే" అని మీరు ఒక్కమాట చెబితే కమిటీలకు ధైర్యం వస్తుంది. పేరు రాయవద్దని దాత అడిగితే మనం రాయము. తీసుకునేవారు నోరు తెరిచి అడగలేరు. వారు అడగకుండానే మనం దాచాలి.

చివరగా, ఎవరికైనా ఆన్‌లైన్ మోసం జరిగితే సిగ్గుపడి కూర్చోకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలు ఏదైనా చిక్కులో పడితే ముందు తిట్టకండి. తిట్టే ఇంట్లో పిల్లలు రెండోసారి చెప్పరు. వారు చెప్పకుండా దాచుకున్నదే అన్నిటికన్నా ప్రమాదం.

ఇంట్లో ఇంటర్నెట్ తీయించెయ్యాలా అని అడిగిన ఆ పెద్దమనిషి ఇప్పటికీ తీయించలేదు. ఈమధ్య దుకాణానికి వెళ్ళినప్పుడు ఎవరో ఫోనులో పాన్ కార్డు ఫోటో అడుగుతున్నారు. "దేనికి కావాలో ముందు చెప్పండి భాయ్, తర్వాత చూద్దాం" అని ఆయన జవాబిస్తున్నారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కొడుకు మావైపు చూసి నవ్వాడు. ఈసారి మేమూ నవ్వాము.